విచారణ ఖైదీ బిర్సా ముండా



విశాఖ మీదుగా ధన్‌బాద్ వెళ్ళే రైలును మన వైపు అందరూ బొకారో అనే అంటారు. ఆ మధ్య మా సంఘం నుంచి అయిదుగురం ఆ బండెక్కి రాంచీలో దిగాం. స్టేషన్ బయట ఆటో అతనితో, బిర్సా ముండా దగ్గరికి వెళ్ళాలని మాకు వచ్చిన హిందీలో చెప్పాం. ఏ బిర్సా ముండా అని అడిగాడతను. విమానాశ్రయమా, స్టేడియమా, మ్యూజియమా, జైలా అన్నాడు. జైలు అన్న మాట వినగానే మాలో ఒకరు అవును, జైలే అనేశారు. మేము అనుకున్నది ఆయన కన్నుమూసిన పాత జైలు. అతను తీసుకెళ్ళబోయింది హోట్వార్‌లో ఉన్న కొత్త జైలుకి. ఇప్పుడు ఖైదీలు ఉంటున్న ఆ జైలు పేరు బిర్సా ముండా సెంట్రల్ జైలు. పాత జైలు ఇప్పుడు మ్యూజియం. 2021 నవంబరు 15న ప్రారంభమైంది. లోపల ఇరవై అయిదు అడుగుల విగ్రహం ఉంది.

ప్రతి ఏటా నవంబరు 15న మనం దండ వేసి, డప్పు కొట్టి, ఆయన విల్లంబుల గురించీ ఉల్‌గులాన్ గురించీ చెప్పుకుంటాం. చివర్లో, జైల్లో చనిపోయారు అని ఒక్క మాటతో ముగించేస్తాం. ఆయన 150వ జయంతి సందర్భంగా ఈ ఈ-సంచికకు వ్యాసం రాయాలనుకున్నప్పుడు మా సంపాదకవర్గం ఆ ఒక్క మాట దగ్గరే ఆగింది. లెక్క వేసి చూశాం. బిర్సా బతికింది ఇరవై నాలుగేళ్ళ చిల్లర. ప్రజల మధ్య నాయకుడిగా ఉన్నది 1895 నుంచి 1900 దాకా, అయిదేళ్ళు కూడా నిండలేదు. అందులో దాదాపు రెండున్నరేళ్ళు, అంటే సగం, జైలు గోడల లోపలే గడిచింది. ఆ సగం గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. ఇలా రాయడానికి మాకు ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్లో చెబుతాం.

బాల్యం సంగతులు పాఠకులకు చాలావరకు తెలిసినవే. 1875 నవంబరు 15న ఛోటానాగ్‌పూర్ కొండల్లోని ఉలిహాతులో పుట్టారని అందరూ అంగీకరించే మాట. తండ్రి సుగనా ముండా, తల్లి కర్మీ. కౌలు కోసం, కూలి కోసం ఊళ్ళు మారిన కుటుంబం. చల్కద్‌లో మేకలు కాస్తూ, వేణువు ఊదుతూ, సొరకాయ బుర్రతో చేసిన తుయిలా మీటుతూ పెరిగాడు ఆ పిల్లవాడు. కొంతకాలం మేనమామల ఊరు ఆయుభాతులో ఉన్నాడు. సల్గాలో చిన్న బడి, తర్వాత బుర్జు మిషన్ బడి, ఆ తర్వాత చైబాసాలో జర్మన్ మిషన్ బడి. భూముల విషయంలో మిషనరీలతో పడక 1890 ప్రాంతంలో ఆ చదువు ముగిసింది. బంద్‌గావ్‌లో ఒక వైష్ణవ గురువు ఇంట కొన్నాళ్ళు ఉన్నాడు. ఇంత చిన్న వయసులో ఇన్ని దేవుళ్ళ గడపలు తొక్కిన మనిషి చివరికి తన జాతికి తానే ఒక దారి చెప్పాడు. అయితే ఆ దారి మొదలైంది భూమి దగ్గర.

ముండాలకు భూమి అంటే ఖుంట్‌కట్టీ. అడవి కొట్టి ఊరు కట్టిన మొదటి వంశం వాళ్ళందరిదీ ఆ భూమి. దానికి కాగితం ఉండదు. వంశపు పెద్దల ఎముకలు ఉంచి, మీద పరిచిన పెద్ద బండరాళ్ళే దానికి సాక్ష్యం. ఆ రాళ్ళను సాసన్‌దిరి అంటారు. ఎవరి సాసన్‌దిరి ఏ ఊళ్ళో ఉందో, ఆ ఊరి నేల వాళ్ళది. మన గోండుల్లోనూ, కోయల్లోనూ చనిపోయిన పెద్దలకు రాళ్ళు నిలిపే ఆచారం ఉంది కాబట్టి ఈ మాట మన వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. జమీందార్లూ, ఠికేదార్లూ, వడ్డీ వ్యాపారులూ వచ్చాక కాగితం ఉన్నవాడిదే భూమి అయింది. బయటి నుంచి వచ్చిన ఈ దోపిడీదారులను ముండాలు దికూలన్నారు. పన్ను, దాని మీద వెట్టి, ఆ పైన అటవీ చట్టం. ముండా సర్దార్లు ముప్పై ఏళ్ళకు పైగా అర్జీలు పెట్టారు. కలకత్తా వకీళ్ళకు ఫీజులు కట్టారు. కోర్టుల చుట్టూ తిరిగారు. ఒక్కటీ తేలలేదు. బిర్సా వచ్చేనాటికి ముండాలకు కోర్టు అంటే ఒక పూర్తి తరం అనుభవం ఉంది, అంతా చేదు అనుభవమే.

1895లో చల్కద్‌లో ఇరవై ఏళ్ళ కుర్రవాడి చుట్టూ వేల మంది చేరారు. రోగాలు నయం చేస్తాడని కొందరు, దేవుడు మాట్లాడుతున్నాడని కొందరు వచ్చారు. ధర్తీ ఆబా, అంటే భూమికి తండ్రి, అని పిలుచుకున్నారు. తాగుడు మానమన్నాడు, బలులూ భూతవైద్యాలూ వదిలేయమన్నాడు, శుభ్రంగా ఉండమన్నాడు. ఇంతవరకూ దొరలకు అభ్యంతరం లేదు. శిస్తు కట్టొద్దన్న మాట, రాణి రాజ్యం పోయి మన రాజ్యం వస్తుందన్న మాట చెవిన పడ్డాక పోలీసులు బయలుదేరారు. మొదటిసారి జనం వాళ్ళను తరిమేశారు. రెండోసారి ఆగస్టు 24 రాత్రి, నిద్రపోతున్న మనిషిని పట్టుకుపోయారు.

అక్కడి నుంచి జరిగింది చూడండి. విచారణ ఖూంటీలో పెట్టారు. ముండాల నడిబొడ్డున పెట్టడానికి కారణం ఉంది. మీ దేవుడు చేతులు కట్టేస్తే ఏమీ చేయలేడని వాళ్ళ కళ్ళతో వాళ్ళనే చూడనివ్వాలని అధికారుల ఆలోచన. చూడ్డానికి జనం వచ్చారు. ఎంతమంది వచ్చారంటే, అధికారులకే భయం వేసి విచారణ అక్కడ ఆపేసి రాంచీకి మార్చారు. అవమానించడానికి పెట్టిన తతంగం ఆయన పేరును ఇంకా పెంచింది. ఆ నవంబరులో రెండేళ్ళ కఠిన కారాగార శిక్ష వేసి హజారీబాగ్ జైలుకు పంపారు.

ఇక్కడ ఒక విషయం చెప్పి ముందుకు వెళతాం. బిర్సా జైలుకు వెళ్ళడానికి ఏడాది ముందే, 1894లో, బ్రిటిష్ ప్రభుత్వం జైళ్ళ చట్టం తెచ్చింది. మన దేశంలో జైళ్ళు వందేళ్ళకు పైగా నడిచింది ఆ చట్టం మీదే. జైలు తప్పులకు చేతులకు సంకెళ్ళు, కాళ్ళకు గొలుసులు, ఒంటరి గది, తిండి తగ్గింపు, కొరడా దెబ్బలు, ఇవన్నీ శిక్షలుగా ఆ చట్టంలోనే రాసి ఉన్నాయి. కఠిన శిక్ష అంటే ఆ రోజుల్లో రాళ్ళు కొట్టడం, గానుగ తిప్పడం, తిరగలి విసరడం. ఆ పని చేసే మనిషి బాగుపడి బయటికి వస్తాడని ప్రభుత్వం నమ్మకం. అడవిలో పుట్టి, ఆరుబయట పడుకుని పెరిగిన మనిషికి తాళం వేసిన గది ఏమిటో మనకు తెలుసు. మన ఊళ్ళలో రిమాండ్ నుంచి తిరిగి వచ్చిన వాళ్ళు మొదటి వారం ఇంట్లో పడుకోలేరు, వాకిట్లో మంచం వేసుకుంటారు.

హజారీబాగ్ జైలు గురించి చిన్న పిట్టకథ. 1942 దీపావళి రాత్రి జయప్రకాశ్ నారాయణ్ గోడ దూకి పారిపోయింది ఆ జైలు నుంచే. ఇప్పుడు ఆ జైలుకు ఆయన పేరే పెట్టారు. పారిపోయిన మనిషి పేరు ఒక జైలుకు, లోపలే చనిపోయిన మనిషి పేరు ఇంకో జైలుకు! జైళ్ళకు పేర్లు పెట్టేవాళ్ళు ఏ ఆలోచనతో పెడతారో మాకు అర్థం కాలేదు.

బిర్సా లోపల ఉన్న రెండేళ్ళూ బయట ఛోటానాగ్‌పూర్‌ని కరువు పట్టింది. 1896, 97 సంవత్సరాల కరువు అది. పంటలు పోయాయి, వెనకే రోగాలు వచ్చాయి. తన మనుషులు ఆకులూ దుంపలూ తిని బతుకుతున్నారన్న కబురు గోడ దాటి లోపలికి ఏ రూపంలో చేరిందో ఊహించుకోవచ్చు. లోపలున్న మనిషికి అసలు శిక్ష పని కాదు. ఇంటి దగ్గర చావు జరిగితే వెళ్ళలేకపోవడం, పొలం దున్నే వేళకు ఎద్దుల దగ్గర లేకపోవడం, అదీ శిక్ష. తీర్పు కాగితంలో అది ఉండదు.

1897 చివర్లో విడుదల చేశారు. పాత పనులు మానుకోమని హెచ్చరించి మరీ వదిలారు. బయటికి వచ్చిన బిర్సా వెంటనే ఏ తిరుగుబాటూ చేయలేదు. ఊళ్ళకు వెళ్ళాడు, కరువులో చిక్కిన వాళ్ళ దగ్గర కూర్చున్నాడు. 1898లో ముండాల పూర్వీకులదని చెప్పుకునే చుటియా గుడికి మనుషులతో కలిసి వెళ్ళాడు. తర్వాత రాత్రి సభలు మొదలయ్యాయి. కొండల మీద, ఎక్కువగా డోంబారి బురు మీద. 1895లో బిర్సా చెప్పిన మాటల్లో దేవుడు ఎక్కువ, రాజ్యం తక్కువ. జైలు నుంచి వచ్చాక చెప్పిన మాటల్లో రాజ్యం ఎక్కువ. జైలు ఆయన్ని ఏ విధంగా మార్చాలనుకుందో దానికి సరిగ్గా ఎదురు దిక్కుకు మార్చింది. అర్జీలు చాలు అన్న నిర్ణయానికి ఆ రెండేళ్ళే ఆయన్ని చేర్చాయని మా అభిప్రాయం. చరిత్రకారులు ఇంకా చాలా కారణాలు చెబుతారు, కాదనం.

ఉల్‌గులాన్ గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాం. 1899 డిసెంబరు 24, క్రిస్మస్ ముందు రోజు రాత్రి, అనేక చోట్ల ఒకేసారి మొదలైంది. చర్చీల మీద, మిషన్ల మీద బాణాలు పడ్డాయి. క్రైస్తవులైన ముండాలకూ తగిలాయి. జనవరి మొదటి వారంలో ఎట్‌కేడీహ్‌లో కానిస్టేబుళ్ళు చనిపోయారు, ఖూంటీ ఠాణా మీద దాడి జరిగింది. మన వాళ్ళు చేశారు కాబట్టి ఇవి దాచాలని మేము అనుకోవడం లేదు. గయా ముండా ఇంటిని అధికారులు చుట్టుముట్టినప్పుడు ఆయన భార్య మాకీ, కూతుళ్ళు, కోడళ్ళు చేతికందిన గొడ్డలి, కర్ర పట్టుకుని నిలబడ్డారు. తర్వాత మాకీ కూడా జైలుకే వెళ్ళింది. జనవరి 9న డోంబారి దగ్గర సైల్ రకాబ్ కొండ మీద చేరిన జనంపై సైన్యం కాల్పులు జరిపింది. అందులో ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. చనిపోయిన వాళ్ళ సంఖ్యలో సర్కారు లెక్కకూ, ఆనాటి పత్రిక రాసిన లెక్కకూ, ఊళ్ళు చెప్పుకునే లెక్కకూ ఎక్కడా పొంతన లేదు. పెద్ద లెక్కలో వందలు ఉంటే, చిన్న లెక్కలో వేళ్ళ మీద లెక్కపెట్టే మంది ఉన్నారు.

ఆ తర్వాత ఊళ్ళ మీద వేట. ఇళ్ళు సోదా చేశారు, ఆస్తులు జప్తు చేశారు. బిర్సా తల మీద 500 రూపాయల బహుమతి పెట్టారు. కరువు తేరుకోని ఆ ఏళ్ళలో 500 రూపాయలంటే ఎంతో ఆలోచించండి. చక్రధర్‌పూర్ దగ్గర జమ్‌కోపాయ్ అడవిలో, మళ్ళీ నిద్రలోనే, మన వాళ్ళే కొందరు పట్టించారు. 1900 తొలినాళ్ళ సంగతి ఇది. పట్టించిన వాళ్ళను తిట్టడం తేలిక. మేము తిట్టదలుచుకోలేదు.

ఈసారి రాంచీ జైలు. రెండోసారి లోపలికి వెళ్ళిన బిర్సాకూ మొదటిసారి వెళ్ళిన బిర్సాకూ చట్టం దృష్టిలో ఒక పెద్ద తేడా ఉంది. హజారీబాగ్‌లో ఆయన శిక్ష పడ్డ ఖైదీ. రాంచీలో విచారణ ఖైదీ మాత్రమే. నేరం రుజువు కాలేదు, తీర్పు రాలేదు.

ఆయన ఒక్కరే కాదు. వందల మంది ముండాలను తీసుకొచ్చి జైల్లో కుక్కారు. మూడు వందల యాభై అని కొందరు, నాలుగు వందల అరవై అని కొందరు రాశారు. ఏ లెక్క తీసుకున్నా అంతమంది మనుషులు నెలల తరబడి తీర్పు కోసం ఆ గోడల మధ్య ఉన్నారు. ముందు చెప్పిన 1894 చట్టం విచారణ ఖైదీల గురించి మంచి మాటలే చెప్పింది. శిక్ష పడిన వాళ్ళతో కలపకుండా వాళ్ళను వేరుగా ఉంచాలి. కావాలంటే వాళ్ళు తిండి, బట్ట, పరుపు ఇంటి నుంచి తెప్పించుకోవచ్చు, డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. చదవడానికి ఎంత బాగుందో! ఉలిహాతు నుంచి రాంచీకి అరవై డెబ్బై కిలోమీటర్లు, కొండదారి. ఇంట్లో గింజలు జప్తు అయ్యాయి. నడవగలిగిన మగవాళ్ళు లోపలున్నారు, మిగిలిన వాళ్ళు అడవిలో దాక్కున్నారు. ఎవరు ఎత్తుకొస్తారు ఆ తిండి? ఇంటి నుంచి తెప్పించుకునే హక్కు ఇల్లు మిగిలిన వాడికే పనికొస్తుంది.

భాష ఇంకో గోడ. ముండాలు మాట్లాడేది ముండారీ. కోర్టు కాగితాలు ఇంగ్లీషులో, హిందీలో. మీద పెట్టిన కేసు ఏమిటో, ఏ ఊరి సంఘటనకు తనను లాక్కొచ్చారో తెలియకుండానే చాలామంది బోనులో నిలబడ్డారు. కొండ అంచున జొన్న చేను కాపలా కాస్తున్న మనిషిని, చేతిలో విల్లు ఉన్నందుకు పట్టుకొస్తే, అతను అక్కడ ఎందుకున్నాడో ఎవరికి ఏ భాషలో చెప్పాలి? చెప్పాలన్నా చెప్పించేవాళ్ళు లేరు. కలకత్తా నుంచి వచ్చిన జేకబ్ అనే బారిస్టరు ముండాల తరఫున నిలబడ్డాడు. ఆ పేరు మనం గుర్తుపెట్టుకోవాలి. కలకత్తా పత్రికలు ఖైదీల పరిస్థితి గురించి రాశాయి. సురేంద్రనాథ్ బెనర్జీ శాసనమండలిలో ప్రశ్నలు వేశారు. అంత దూరంలో ఉన్న వాళ్ళకు వినిపించింది, ఆ జైలు ఊళ్ళోనే ఉన్న అధికారులకు వినిపించలేదు.

కోర్టు తేదీల మధ్య మనుషులు లోపలే చనిపోయారు. బిర్సాతో కలిపి ఆరుగురు. తీర్పు వినడానికి వాళ్ళెవరూ మిగల్లేదు.

బిర్సా 1900 జూన్ 9 ఉదయం చనిపోయారు. కలరా అని జైలు అధికారుల నివేదిక. విషం పెట్టారని ముండాలు ఆ రోజు నుంచీ చెప్పుకుంటున్నారు, ఇప్పటికీ అదే నమ్మకం. మహాశ్వేతాదేవి ఈ మరణంతోనే తన నవల అరణ్యేర్ అధికార్ మొదలుపెట్టారు. 1979లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన ఆ పుస్తకం తెలుగులోకీ వచ్చింది, మన యువకులు తప్పక చదవాలి.

విషమా, కలరానా అన్న దాని మీద మా సంపాదకవర్గంలోనే పెద్ద చర్చ జరిగింది. మాలో ఒకరు ఆరోగ్యశాఖలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఏజెన్సీలో వానాకాలం వాంతులూ విరేచనాలూ ప్రబలినప్పుడు ఊరూరా తిరిగిన మనిషి. ఆయన చెప్పింది విన్నాక మా వాదన ఆగిపోయింది. కలరా గాలిలో రాదు, మలం కలిసిన నీటి నుంచి, తిండి నుంచి వస్తుంది. ఊళ్ళో ఉన్న మనిషైతే ఈ బావి కాకపోతే ఇంకో ఊట, ఇంకో వాగు అని వెళ్ళగలడు. తాళం వేసిన గదిలో ఉన్న మనిషి వాళ్ళు పోసిన నీళ్ళే తాగాలి. కాబట్టి సర్కారు చెప్పిన కారణమే నిజమని ఒప్పుకున్నా, ఆ చావుకు పూచీ సర్కారుదే. విషం కథను నమ్మని వాళ్ళు కలరా పేరు చెప్పి ఆ జైలును వదిలిపెట్టేస్తున్నారు. మాకు అది ఒప్పుకోబుద్ధి కాలేదు. పాతికేళ్ళు నిండని మనిషి. కొండలెక్కి దిగిన ఒళ్ళు. కొన్ని నెలలు లోపల పెడితే ప్రాణం పోయింది.

శవాన్ని ఊరికి ఇవ్వలేదు. రాంచీ శివార్లలో కోకర్ దగ్గర, అప్పటి సారా బట్టీ పక్కన, హడావుడిగా దహనం చేసేశారు. సాసన్‌దిరి గురించి పైన చెప్పింది ఇందుకే. ముండా మనిషి ఎముకలు తన వంశపు రాయి కింద చేరితేనే అతను ఇల్లు చేరినట్టు. ఆ రాయి కోసం, ఆ రాయి చెప్పే భూమి హక్కు కోసం కొట్లాడిన మనిషికి ఆ రాయి దక్కలేదు. జనం అక్కడికి వస్తారని, అక్కడో గుడి లేస్తుందని అధికారులు భయపడి ఉంటారు. కోకర్‌లో ఇప్పుడు సమాధి స్థలం ఉంది. జనం రానే వస్తున్నారు.

ఆయన పోయాక కూడా విచారణలు నడిచాయి. ఉరిశిక్షలు పడ్డాయి. దాదాపు నలభై మందికి ద్వీపాంతరం, మరికొందరికి ఏళ్ళ తరబడి జైలు. మన ప్రాంతం వాళ్ళకు ద్వీపాంతరం అంటే గాం మల్లుదొర గుర్తొస్తారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడిగా అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన కథ వచ్చే సంచికకు దాచుకున్నాం.

అయితే ముండాల విచారణలో మమ్మల్ని నిద్రపోనివ్వని అంకె శిక్షలు పడ్డ వాళ్ళది కాదు. పట్టుకొచ్చిన వాళ్ళలో ఎక్కువమంది చివరికి ఏ శిక్షా లేకుండానే బయటికి వచ్చారు. నాలుగు వందల అరవై లెక్క ప్రకారం శిక్ష పడింది అరవై మూడు మందికి. మిగతా వాళ్ళందరూ ఏ నేరానికి అన్ని నెలలు లోపల ఉన్నారు? ఒక వ్యవసాయపు కాలం మొత్తం పోయింది. విత్తనం వేయలేదు, ఇంటి కప్పు నేయలేదు. పొరపాటున పట్టుకున్నాం, పోయి రండి అన్నారు. బయటికి వచ్చేసరికి చాలామందికి చేను లేదు.

ఆ తర్వాత ప్రభుత్వం కొన్ని మార్పులు చేసింది. భూముల సర్వే మొదలుపెట్టింది. ముండాలు ప్రతి పనికీ రాంచీ దాకా నడవక్కర్లేకుండా 1905లో ఖూంటీని సబ్‌డివిజన్ చేసింది. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. ఖుంట్‌కట్టీ హక్కును గుర్తించింది, ఆదివాసీ భూమి బయటివాళ్ళకు పోకుండా కట్టడి చేసింది. మన 1/70 చట్టానికి పెద్దన్న లాంటిది. సర్దార్లు ముప్పై ఏళ్ళు కాగితాల మీద అడిగింది కూడా ఇంచుమించు ఇదే.

ఇక మా కారణం. మా సంఘంలో సభ్యులైన ఒక కుటుంబం కుర్రవాడిని కొన్నేళ్ళ క్రితం ఒక కేసులో పట్టుకున్నారు. ఆ రోజు సంతకు వెళ్ళి, అడిగిన వాళ్ళ బండి ఎక్కాడు. ఆ బండిలో ఏముందో తనకు తెలియదన్నాడు. జైలు నూట ఇరవై కిలోమీటర్ల దూరం. తల్లి ములాఖత్‌కు వెళ్ళాలంటే ముందు రోజు బయలుదేరాలి, రాత్రి బస్టాండులో పడుకోవాలి. రెండుసార్లు వెళ్ళింది. మూడోసారికి ఛార్జీలు లేవు. లోపల అతను తన భాషలో మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు. నాలుగో నెలలో బెయిలు వచ్చింది. అతను బయటికి వచ్చింది ఏడో నెల చివర్లో. ఆ మూడు నెలలూ ఇద్దరు ష్యూరిటీల కోసం. ఆస్తి విలువ చూపే కాగితం ఉన్నవాళ్ళే ష్యూరిటీ ఇవ్వాలి. మా ఊళ్ళో అందరికీ ఉన్నది పోడు పట్టా, అది చాలదన్నారు. కాగితం లేని భూమి దగ్గర మొదలైన బిర్సా కథ రాస్తూ రాస్తూ మాకు ఆ కాగితం గుర్తొచ్చింది. కేసు తర్వాత కొట్టేశారు. కుర్రవాడు ఇప్పుడు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదని దేశం లెక్కలే చెబుతున్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు. జనాభాలో ఆదివాసీల వాటా కంటే జైళ్ళలో వాళ్ళ వాటా ఎక్కువ. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం రోజు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు న్యాయమూర్తుల ఎదుట చిన్న చిన్న కేసుల్లో ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయిన పేదవాళ్ళ గురించి మాట్లాడారు. సంతాల్ ఆడపడుచు, జార్ఖండ్‌కు గవర్నరుగా పనిచేసిన మనిషి. కొద్ది రోజుల్లోనే, బెయిలు వచ్చి కూడా విడుదల కాని ఖైదీల వివరాలు ఇమ్మని సుప్రీంకోర్టు రాష్ట్రాలను అడిగింది. 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టంలో, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలని ఉంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. మన వాళ్ళెవరైనా లోపల ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి, ఖర్చు లేకుండా వకీలును పెడతారు. రాయడం రాకపోతే మా సంఘానికి చెప్పండి, రాసిపెడతాం.

జార్ఖండ్‌లో బిర్సా విగ్రహాలు చాలా ఏళ్ళు సంకెళ్ళతోనే ఉండేవి. పట్టుబడినప్పటి రూపం అది. ఆ సంకెళ్ళు తీసేయాలని 2016లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. తీసేయడం మంచిదేనని మాలో నలుగురు అన్నారు. తీయకూడదు, ఎలా చంపారో పిల్లలకు తెలియాలని ఒకరు అన్నారు. రైల్లో తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ వాదన తేలలేదు.

తిరుగు ప్రయాణం రోజు ఉదయం హోట్వార్ వైపు వెళ్ళాం. లోపలికి వెళ్ళే పని మాకు లేదు, అనుమతీ లేదు. గేటు మీద ఆయన పేరు చూసి వద్దామనుకున్నాం. రోడ్డు పక్క చెట్టు కింద ములాఖత్ కోసం వచ్చిన వాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒక ముసలామె ఒళ్ళో గుడ్డ సంచీ, అందులో మడతపెట్టిన చొక్కా, ఒక సబ్బు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగాం. ఆమె ఏదో ఊరి పేరు చెప్పింది, మాకు అర్థం కాలేదు. మా హిందీ ఆమెకు అర్థం కాలేదు. జోహార్ అన్నాం. జోహార్ అంది.